యుద్ధం నడుస్తుంటే సినిమాలు, కచేరీలా? విదేశాల్లోని చెక్ సెంటర్ల గురించి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చెక్ దేశంలోని బ్ర్నోలో మాస్టర్స్ చదువుతున్నారు. మరో యూరప్ దేశంలో ఉన్న చెక్ సెంటర్‌లో ఇంటర్న్‌షిప్‌కు అవకాశం కనిపించింది. ఉక్రెయిన్‌లో యుద్ధం, ఇంట్లో కరెంటు బిల్లుల టెన్షన్, ప్రభుత్వాలన్నీ రక్షణ ఖర్చు పెంచుకుంటున్న కాలం. ఇలాంటప్పుడు ఒక చిన్న దేశం పరాయి నగరాల్లో తన సినిమాలు వేసుకోవడం, కచేరీలు పెట్టుకోవడం దండగ ఖర్చు కాదా, అక్కడ చేరితే నేర్చుకునేది ఏమైనా ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. దండగ కాదు. కష్టకాలంలోనే వీటి అవసరం ఎక్కువ. అయితే దానికి కారణం బ్రోషర్లలో రాసే కారణం కాదు. సంస్కృతి మనసుల్ని కలుపుతుంది వగైరా మాటలు నేనూ ఎన్నో ప్రెస్ నోట్లలో రాశాను, రాస్తున్నప్పుడే ఆవలిస్తూ. అసలు కారణం ఇంతకన్నా మొరటుది: ఆపద వచ్చాక పరిచయం చేసుకుందామంటే కుదరదు. పెద్ద దేశాలకు ఇదొక హోదా వ్యవహారం. కోటి పైచిలుకు జనాభా ఉన్న దేశానికి ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. ఇంటర్న్‌షిప్ సంగతి చివర్లో చెబుతాను, దాని లెక్క వేరు.

నా గురించి రెండు ముక్కలు. పదిహేనేళ్లుగా మధ్య యూరప్‌లో ఉంటున్నాను. సినిమా ఉత్సవాలకు, రకరకాల దేశాల సాంస్కృతిక కేంద్రాలకు కాంట్రాక్టు మీద కార్యక్రమాలు నడిపిపెట్టడం నా పని. చెక్ కార్యక్రమాలు ఎక్కువ చేశాను. మొదటిసారి "చెక్ కల్చరల్ సెంటర్ వాళ్లతో పని" అని ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ బ్యాంకుల్లో చెక్కులు క్లియర్ చేసే ఆఫీసు అనుకుని పర్మనెంటేనా అని అడిగింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. చెక్ సెంటర్లు అనేది చెక్ విదేశాంగ శాఖ కింద నడిచే సంస్థ. 1993 జనవరి 1న చెకోస్లొవేకియా రెండుగా విడిపోయిన తర్వాత ఇప్పటి రూపం వచ్చింది. అంతకుముందు కమ్యూనిస్టు ప్రభుత్వం నడిపిన కేంద్రాలు ఉండేవి, బల్గేరియా రాజధాని సోఫియాలోది 1949 నాటిది. ఇప్పుడు బెర్లిన్, వియన్నా, వార్సా, పారిస్, లండన్, కీవ్ మొదలుకొని న్యూయార్క్, టోక్యో, సోల్ దాకా పాతిక పైచిలుకు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ వాళ్ల అలియాన్స్ ఫ్రాన్సేజ్‌కో జర్మన్ వాళ్ల గోథే సెంటర్‌కో వెళ్లినవాళ్లకు ఆ వాతావరణం తెలిసే ఉంటుంది. భాషా తరగతులు, వారానికో సినిమా, గోడ మీద ఎగ్జిబిషన్. చెక్ వాళ్లదీ అదే వరస, జేబు మాత్రం చిన్నది. ప్రభుత్వ గ్రాంటు కొంత వస్తుంది. మిగతాది ఫీజుల నుంచో స్పాన్సర్ల నుంచో యూరోపియన్ ప్రాజెక్టుల నుంచో వెతుక్కోవాలి.

ఇప్పుడు అసలు విషయం. 1938 సెప్టెంబరు 27న బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లేన్ రేడియోలో మాట్లాడుతూ ఒక మాటన్నాడు. ఎక్కడో దూరదేశంలో, మనకు ఏమీ తెలియని మనుషుల మధ్య గొడవ కోసం మనం ఇక్కడ కందకాలు తవ్వుకోవలసి రావడం ఎంత ఘోరం అన్నది దాని సారాంశం. ఆ దూరదేశం చెకోస్లొవేకియా. లండన్ నుంచి ప్రాగ్‌కు ఎంత దూరమో మీకు తెలుసు, రెండు గంటల విమానం. మూడు రోజులు తిరక్కుండా మ్యూనిక్‌లో సంతకాలైపోయాయి. ఆ దేశపు సరిహద్దు జిల్లాలు హిట్లర్ పరమయ్యాయి. ఆ బల్ల దగ్గర చెక్ ప్రతినిధికి కుర్చీ కూడా వేయలేదు.

"మనకు ఏమీ తెలియని మనుషులు" అన్న ఆ మాట చెక్ దౌత్యవేత్తలకు ఈనాటికీ పంటికింద రాయే. నాతో పనిచేసిన చెక్ వాళ్లలో ఇద్దరు ముగ్గురు, కొంచెం బీరు పడ్డాక, తమ ఉద్యోగాన్ని ఈ ఒక్క వాక్యంతోనే వివరించారు. ఇంకెవరూ ఆ మాట అనకుండా చూడటమే వాళ్ల పని. ఎవరూ దండెత్తి రాకుండా ఆపే శక్తి వాళ్లకు లేదు. వచ్చిన రోజున "ఎవరు వీళ్లు" అని ఎవరూ అడగకుండా చూడగలరు, అంతే.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన. చెకోస్లొవేకియా పెవిలియన్ పని ఇంకా పూర్తికాలేదు. మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగింది. దేశమే లేకుండా పోయింది, మరి ఈ పెవిలియన్ ఎవరిది? మూసేయమని బెర్లిన్ నుంచి ఒత్తిడి. వాషింగ్టన్‌లో ఉన్న చెకోస్లొవేకియా రాయబారి వ్లాదిమీర్ హుర్బన్ తన కార్యాలయాన్ని జర్మన్లకు అప్పగించనని కూర్చున్నాడు. అమెరికాలో స్థిరపడ్డ చెక్, స్లొవాక్ కుటుంబాలు చందాలు వేసుకున్నాయి. న్యూయార్క్ మేయర్ లా గార్డియా అండగా నిలిచాడు. పెవిలియన్ తెరుచుకుంది. దాని మీద పదిహేడో శతాబ్దపు చెక్ ఆలోచనాపరుడు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ రాసిన మాటలు పెట్టారు: ఆగ్రహపు తుఫాను గడిచాక, ఓ చెక్ ప్రజా, నీ పాలన తిరిగి నీ చేతికే వస్తుంది అని. కొమెన్‌స్కీ కూడా దేశం విడిచి వెళ్లాల్సి వచ్చి 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూసిన మనిషి. మ్యాప్ మీద లేని దేశం ఒక ప్రదర్శనశాలలో బతికి ఉంది. అందులో పెట్టిన వస్తువులు అంత గొప్పవేమీ కాకపోవచ్చు. తలుపు తెరిచి ఉండటమే అక్కడ కార్యక్రమం.

ఇక్కడ మీరు ఒక ఎదురు ప్రశ్న వేయాలి, వేయకపోతే నేనే వేసుకుంటాను. పరిచయం ఉంటే రక్షణ దొరుకుతుందా? దొరకదు. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా పెవిలియన్‌కు అత్యుత్తమ పెవిలియన్ బహుమతి వచ్చింది. తెర మీది సినిమాను, వేదిక మీది నటులను కలిపిన లాటెర్నా మాజికాకు అక్కడే పేరొచ్చింది. 1960ల్లో వాళ్ల సినిమాలకు రెండు ఆస్కార్లు వచ్చాయి, రెండోది 1968 ఏప్రిల్‌లో. అదే ఏడాది ఆగస్టు 21 తెల్లవారేసరికి సోవియట్ యూనియన్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు ప్రాగ్ వీధుల్లో ఉన్నాయి. ఈసారి వాళ్లెవరో ప్రపంచానికి బాగా తెలుసు. అయినా ఎవరూ రాలేదు.

తేడా తర్వాతి ఇరవై ఏళ్లలో కనబడింది. దేశం విడిచిన వేలమందికి కెనడాలో, ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో తలుపులు తెరుచుకున్నాయి. రచయితలు యోసెఫ్ ష్క్వోరెత్స్కీ, జ్దెనా సలివారోవా దంపతులు 1971లో టొరంటోలో ఒక ప్రచురణ సంస్థ పెట్టి స్వదేశంలో నిషేధమైన చెక్ పుస్తకాలను ముద్రించారు. ప్రవాస పాత్రికేయుడు పావెల్ టిగ్రిడ్ పారిస్ నుంచి పత్రిక నడిపాడు. జర్మనీలో ష్వార్జెన్‌బర్గ్ కుటుంబపు కోటలో చరిత్రకారుడు విలేమ్ ప్రెచాన్ నిషేధ సాహిత్యాన్ని పోగుచేసి భద్రపరిచాడు. అదే కాలంలో సోఫియాలాంటి చోట్ల ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాలు కూడా పనిచేస్తూనే ఉన్నాయి. వాటికి భవనం ఉంది, బడ్జెట్ ఉంది, సిబ్బంది ఉన్నారు. ప్రాగ్ ఆమోదించిన పాటలు, బొమ్మలు, సినిమాలు ఉన్నాయి. ప్రవాసంలో ఉన్న రచయిత మిలన్ కుందేరా పేరు మాత్రం అక్కడ వినిపించే వీలు లేదు. ప్రభుత్వం 1979లో అతని పౌరసత్వమే తీసేసింది. అది తిరిగి దక్కింది 2019లో, నలభై ఏళ్ల తర్వాత.

మీ "దండగ" ప్రశ్నకు ఇదే సరైన కొలత అని నా అభిప్రాయం. కార్యక్రమం ఎంత ఖరీదైనది, ఎంతమంది వచ్చారు అని కాదు. తమ ప్రభుత్వానికి నచ్చని మనిషిని వేదిక ఎక్కించగలదా లేదా? ఎక్కించగలిగితే అది సాంస్కృతిక కేంద్రం. లేకపోతే ప్రచార కార్యాలయం, దానికి ఎంత పెట్టినా దండగే. 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక చెక్ వాళ్లు ఒక మంచి పని చేశారు. ప్రవాసంలో ఉన్నవాళ్లనే పిలిచి బాధ్యతలు ఇచ్చారు. టిగ్రిడ్ 1994లో సంస్కృతి మంత్రి అయ్యాడు. జర్మనీలో తలదాచుకున్న రచయిత యిర్షి గ్రుషా అదే జర్మనీకి రాయబారిగా వెళ్లాడు. ఏ నగరంలో ఏ ప్రచురణకర్త తలుపు తట్టాలో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అదే తలుపుల దగ్గర ఆకలితో నిలబడ్డవాళ్లు మరి.

ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే కళ అంటే ఎంత ఇబ్బందో చూడాలంటే 2009 బ్రస్సెల్స్ కథ వినాలి. చెక్ దేశం యూరోపియన్ యూనియన్ అధ్యక్ష స్థానంలో ఉన్న ఆరు నెలలు. మంత్రిమండలి భవనంలో పెట్టడానికి శిల్పి డావిడ్ చెర్నీకి పని అప్పగించారు. 27 దేశాల నుంచి 27 మంది కళాకారులు కలిసి చేస్తున్నారని ప్రకటించారు. తీరా జనవరిలో ముసుగు తీస్తే అందులో బల్గేరియాకు గుర్తుగా పెట్టిన భాగం వరసగా పేర్చిన నేల మరుగుదొడ్లు! బల్గేరియా భగ్గుమంది, ఆ భాగం మీద నల్లగుడ్డ కప్పాల్సి వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే ఆ 27 మంది కళాకారులు లేనే లేరు. పేర్లు, జీవిత విశేషాలు అన్నీ కల్పించి, చెర్నీ తన మిత్రులతో కలిసి మొత్తం తనే చేశాడు. చెక్ ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది. ఆ రోజుల్లో నేను ఇంకా ఇటు రాలేదు కానీ, తర్వాత నేను కలిసిన విదేశీ ప్రేక్షకుల్లో ఆ ఆరు నెలల అధ్యక్షత గురించి గుర్తున్నది ఇదొక్కటే. అధికారులు పదేళ్లు చెప్పినా ఎక్కని "చెక్ హాస్యం" ఒక్క వారంలో యూరప్ అంతటికీ ఎక్కింది. ఇలాంటివి ప్లాన్ చేసి చేయలేరు. ఆపకుండా ఉండగలరు, అంతే.

ఇక 2022 సంగతి. ఫిబ్రవరి 24 గురువారం, రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన రోజు. తర్వాతి మంగళవారం మాకు ఒక సినిమా సాయంత్రం ఉంది. పాత చెక్ కామెడీ, టికెట్లు అయిపోయాయి. నేను అప్పుడు పనిచేస్తున్న చోటు పేరు చెప్పను. రెండు రోజులు వాదించుకున్నాం. రద్దు చేద్దామని కొందరు. రద్దు చేస్తే ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకోవడం తప్ప జనం ఏం చేస్తారు అని కొందరు. చివరికి సినిమా ఆపేసి, ప్రాగ్‌లో ట్యాంకులు దిగినప్పుడు ఫొటోగ్రాఫర్ యోసెఫ్ కౌడెల్కా తీసిన 1968 ఫొటోల మీద ఒక మాటామంతీ పెట్టాం. ఆ ఫొటోలు అప్పట్లో దేశం దాటి వెళ్లి, తీసినవాడి పేరు లేకుండా అచ్చయ్యాయి. పేరు బయటపడితే ఇంట్లోవాళ్లకు ప్రమాదమని. మేము అనుకున్నది ఏమిటంటే, 1968 చూసినవాళ్లం మేం, మీ బాధ మాకు తెలుసు అని ఉక్రెయిన్ వాళ్లకు చెబుదామని.

హాల్లో ఒక ఉక్రెయిన్ ఆవిడ లేచింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. "ఫొటోలు బాగున్నాయి. అప్పుడు మీకు ఎవరూ రాలేదని ఇందాకటి నుంచి చెబుతున్నారు. ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు?" అంది. వేదిక మీద ఉన్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. జవాబు లేదు.

జవాబు ఆ వారంలో వేరే రకంగా వచ్చింది. భాషా తరగతులు చెప్పే ఇద్దరు టీచర్లు సెలవు పెట్టి రైల్వే స్టేషన్‌కు వెళ్లి దుబాసీలుగా నిలబడ్డారు. మా రిజిస్ట్రేషన్ ఫారంలో "కార్యక్రమాల సమాచారం కావాలా" అన్న గడి పక్కన "మీ ఇంట్లో గది ఉందా" అని ఇంకో గడి చేర్చాం. ఏళ్లుగా సినిమాలకు వస్తున్నవాళ్ల ఈమెయిల్ జాబితా మా దగ్గర ఉంది. వాళ్లకు మేం తెలుసు, మాకు వాళ్లు తెలుసు. అందుకే ఆ గడిలో టిక్కులు పడ్డాయి. ఏ ప్రభుత్వ శాఖ అడిగినా అంత త్వరగా పడేవి కావని నా నమ్మకం. సంఖ్యలు చెప్పను, గొప్పగా ఏమీ లేవు. కానీ ఆ రోజే నాకు అర్థమైంది, ఇన్నాళ్లు మేం నడిపింది సినిమా క్లబ్బు కాదు, ఒక ఈమెయిల్ జాబితా అని. వినడానికి చప్పగా ఉంటుంది, నిజం అదే.

చెక్ దేశం తన వరకు తాను 3 లక్షలకు పైగా ఉక్రెయిన్ వాళ్లకు తాత్కాలిక రక్షణ ఇచ్చింది. జనాభాతో పోలిస్తే యూరప్‌లో చాలా ఎక్కువ. అదే ఏడాది జులై నుంచి డిసెంబరు వరకు మళ్లీ యూనియన్ అధ్యక్షత వాళ్లకే వచ్చింది. ఈసారి "యూరప్ ఒక కర్తవ్యం" అన్న నినాదం పెట్టుకున్నారు, 1996లో జర్మనీలోని ఆఖెన్‌లో అప్పటి చెక్ అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ చేసిన ప్రసంగంలోంచి తీసుకున్నది. మరుగుదొడ్ల శిల్పం ఏదీ లేదు. కొంచెం నిరాశపడ్డాను.

ఇబ్బందికరమైన చరిత్ర ఎత్తకపోతే మిగతాదంతా అబద్ధంగా వినిపిస్తుంది. జర్మనీలో చెక్ కార్యక్రమం చేసేటప్పుడు ఇది రోజూ ఎదురయ్యేదే. 1945లో యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా నుంచి సుమారు 30 లక్షల మంది జర్మన్ భాషీయులను వెళ్లగొట్టారు. మీరుంటున్న బ్ర్నో నుంచే 1945 మేలో ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను ఆస్ట్రియా సరిహద్దు వైపు నడిపించారు. దారిలో చాలామంది చనిపోయారు. 2015లో బ్ర్నో నగర పాలక మండలి దానికి విచారం ప్రకటించింది. జర్మనీలో నేను చేసిన ఒక కార్యక్రమం చెక్ స్వరకర్త స్మెతనా సంగీతం గురించి. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన తన తల్లి నడిచిన దారి గురించి అడిగాడు. నిర్వాహకుల్లో ఒకాయన "అది ఇవాళ్టి విషయం కాదు" అన్నాడు. అంతే, హాలు చల్లబడిపోయింది. ఆ తర్వాత ఎంత మంచి సంగీతం వాయించినా ఎవరి చెవికీ ఎక్కలేదు. మరుసటి సంవత్సరం అదే విషయం మీద ప్రత్యేకంగా సాయంత్రం పెడితే, అదే పెద్దాయన ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇక నిజంగా దండగ ఎక్కడ అంటారా? గాలా నైట్లు. వార్షికోత్సవం పేరుతో పెద్ద హాలు, ఆర్కెస్ట్రా, రిసెప్షన్, రాయబారి ఉపన్యాసం. వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ నూటయాభై మందే. సగం మంది వేరే ఎంబసీలవాళ్లు, ఒకరి సమోసాలు ఒకరు తినడానికి. 2024 చెక్ సంగీత సంవత్సరం. 1924 నుంచి నాలుగుతో ముగిసే ప్రతి ఏడాదీ చేసుకుంటారు, ఈసారి స్మెతనా పుట్టి 200 ఏళ్లు కూడా. అదే ఏడాది ప్రాగ్ రచయిత కాఫ్కా చనిపోయి వందేళ్లు. ఆ పేరు మీద మంచి పనులూ జరిగాయి, బ్యానర్ల ఖర్చూ జరిగింది. నాకు వదిలేస్తే బ్యానర్ల డబ్బు మొత్తం అనువాదకులకు ఇస్తాను.

అనువాదకుల సంగతి ఎందుకంటున్నానో చెబుతాను. ఒక చిన్న భాషకు పరాయి దేశంలో మంచి అనువాదకుడు ఒక్కడుంటే అది పదిమంది దౌత్యవేత్తలతో సమానం. స్విట్జర్లాండ్‌కు చెందిన సుసానా రోత్ అనే ఆవిడ చెక్ రచయితలు హ్రబాల్‌ను, కుందేరాను జర్మన్‌లోకి తెచ్చింది. 1997లో చిన్న వయసులోనే పోయింది. ఆవిడ పేరు మీద చెక్ సెంటర్లు, బ్ర్నోలోని మొరావియా గ్రంథాలయంలో ఉన్న చెక్ సాహిత్య కేంద్రం కలిసి యువ అనువాదకులకు పోటీ నడుపుతున్నాయి. ఇంకా ఎక్కడా అనువాదం కాని కొత్త చెక్ పుస్తకంలోంచి కొంత భాగం ఇస్తారు. జపాన్‌లో ఉన్నవాళ్లు జపనీస్‌లోకి, బల్గేరియాలో ఉన్నవాళ్లు బల్గేరియన్‌లోకి చేస్తారు. గెలిచినవాళ్లను చెక్ దేశానికి పిలిచి రచయితలను, ప్రచురణకర్తలను పరిచయం చేస్తారు. దీనికయ్యే ఖర్చు ఒక గాలా నైట్ పూలదండల ఖర్చంత ఉండొచ్చు, ఇది నా ఊహ. కానీ ఆ పాతికేళ్ల పిల్ల తర్వాత నలభై ఏళ్లు ఆ భాష కోసం పనిచేస్తుంది, ప్రభుత్వాలు మారినా సరే. 2026 ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనకు చెక్ దేశాన్ని ముఖ్య అతిథిగా ఎంచుకున్నారు. ఆ స్థాయి ఊరికే రాదు. అంతకుముందు పదేళ్లు ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని వాక్యాలు అనువదించి ఉండాలి.

ప్రభుత్వాలు మారినా అన్నాను కదా, అక్కడే నాకు భయం. పక్కనే స్లొవేకియాలో 2024 ఆగస్టులో సంస్కృతి మంత్రి వరస రోజుల్లో జాతీయ నాటకశాల అధిపతిని, జాతీయ గ్యాలరీ అధిపతిని తొలగించింది. బ్రాతిస్లావాలో వేలమంది రోడ్డెక్కారు. సాంస్కృతిక కేంద్రాలు విదేశాంగ శాఖ కింద ఉండటంలో సౌకర్యం ఉంది, ముప్పూ ఉంది. చెక్ సెంటర్లలో ఆ స్థాయి జోక్యం నా అనుభవంలో ఎదురవలేదు. కానీ వేరే ఒక దేశపు కేంద్రంలో డైరెక్టరు మారగానే ఆర్నెల్ల ముందు ఒప్పుకున్న రచయితకు "హాలు ఖాళీ లేదు" అని నా చేతే ఉత్తరం రాయించారు. హాలు ఖాళీగానే ఉంది. ఆ ఉత్తరం రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. మీరు చేరాక ఇలాంటిది ఎదురైతే ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోండి.

పెద్ద దేశాలు కూడా ఈ పనిని గండం వచ్చినప్పుడే మొదలుపెట్టాయని మర్చిపోవద్దు. బ్రిటిష్ కౌన్సిల్ 1934లో పుట్టింది, ఇటలీ, జర్మనీల ప్రచారం ఊపందుకుంటున్న రోజుల్లో. ఉక్రెయిన్ ఇన్‌స్టిట్యూట్ 2017లో, క్రిమియాను రష్యా లాక్కున్న తర్వాత. మరోపక్క జర్మనీ 2023లో ఖర్చు తగ్గించుకోవడానికి ఫ్రాన్స్, ఇటలీ లాంటి చోట్ల కొన్ని గోథే ఇన్‌స్టిట్యూట్లు మూసేస్తున్నట్టు ప్రకటించింది. చేతిలో డబ్బు తగ్గితే స్నేహితుల ఇళ్లకు వెళ్లడం ముందు మానేస్తాం కదా, అలాగే. తప్పంటాను నేను.

మీరు తెలుగువాళ్లు కాబట్టి ఇంకొకటి. మా నాన్నగారు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో పనిచేశారు. ఆ కర్మాగారం 1960ల్లో చెకోస్లొవేకియా సహకారంతో వచ్చింది. నాన్నగారు చేరేనాటికి చెక్ ఇంజనీర్లు వెళ్లిపోయారు, కానీ సీనియర్ల నోట వాళ్ల కబుర్లు ఇంకా ఉండేవి. నేను ప్రాగ్ వెళ్తానంటే మా బంధువులందరూ "అదెక్కడుంది" అన్నారు. నాన్నగారు మాత్రం "వాళ్లు మంచి పనివాళ్లు, వెళ్లు" అన్నారు. ఆయన ఒక్క చెక్ మనిషితోనైనా మాట్లాడిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో టర్బైన్ సరిగ్గా బిగించి వెళ్లారు, దాని ఫలితం నా వీసా ఫీజుగా వచ్చింది. మనం మన ఊరి కంపెనీ అనుకునే బాటా కూడా వాళ్ల జ్లీన్ పట్టణంలో పుట్టిందే. సాంస్కృతిక కేంద్రం పరిచయం సంపాదించడానికి ఒక దారి మాత్రమే. టర్బైన్లు, చెప్పులు ఇంకా గట్టి దారులు.

చివరికి ఇంటర్న్‌షిప్. వెళ్లండి, కానీ కొన్ని తెలుసుకుని వెళ్లండి.

పని తొంభై శాతం కుర్చీలు. నిజంగా. కుర్చీలు వేయడం, తీయడం, అతిథి జాబితా సరిచూడటం, సబ్‌టైటిల్ ఫైలు సినిమాతో కలిసి నడుస్తోందో లేదో ముందురోజు పరీక్షించడం, రాత్రి పదకొండింటికి గ్లాసులు కడగడం. మన కాలనీ వినాయక చవితి పందిరి నడిపిన అనుభవం ఉంటే సగం పని వచ్చినట్టే, చందాలు అడగడంతో సహా.

చెక్ భాష ఎంత వచ్చో నిజం చెప్పండి. ప్రాగ్ ఆఫీసుతో ఉత్తరాలన్నీ చెక్‌లోనే నడుస్తాయి. మామూలు సంభాషణకు సరిపడా వస్తే చాలు, కానీ "ఇంగ్లిష్‌తో సర్దుకుంటాను" అనుకుంటే మిమ్మల్ని కుర్చీల దగ్గరే వదిలేస్తారు. ఆ నగరపు భాష కూడా కొంత వస్తే మిమ్మల్ని ఎవరూ వదులుకోరు.

జీతం ఆశించవద్దు, చాలా చోట్ల ఉండదు. యూరోపియన్ యూనియన్ విద్యార్థులకిచ్చే ఎరాస్మస్ ప్లస్ గ్రాంటు మీ యూనివర్సిటీ ద్వారా దొరుకుతుందేమో ఇప్పుడే అడగండి, గడువులు తొందరగా అయిపోతాయి. మీది చెక్ విద్యార్థి రెసిడెన్స్ పర్మిట్ అయితే వేరే దేశంలో నెలల తరబడి ఉండి పనిచేయడానికి అది సరిపోతుందా లేదా అన్నది రెండు దేశాల నిబంధనలూ చూసి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. "ఏం కాదులే" అన్న స్నేహితుడి మాట మీద వెళ్లకండి. నాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే వెళ్లి మూడో వారంలో తిరుగు రైలెక్కాడు.

ఇంటర్వ్యూలో ఎందుకు చేరాలనుకుంటున్నావని అడుగుతారు. చెక్ సంస్కృతి అంటే ఇష్టం అని అందరూ చెబుతారు, ఆ మాట వాళ్ల చెవికి ఎక్కదు. మీరు ఆ నగరంలో ఎవరిని హాలుకు తీసుకురాగలరో చెప్పండి. ఏ యూనివర్సిటీ సినిమా క్లబ్బు, ఏ వలసవాళ్ల సంఘం, ఏ లైబ్రరీ. ఇప్పటిదాకా అక్కడికి రాని ఇరవై మంది పేర్లు మీ దగ్గర ఉంటే, మిగతా సీవీ ఎవరూ చదవరు.

పర్మిట్ విషయంలో మీకు ఏ జవాబు వచ్చిందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.